ఆదివారం పక్క కుర్చీలో కూర్చునే పిల్లాడి పేరు మనలో ఎంతమందికి తెలుసు?

ఒంగోలు_టు_కేఆర్‌పురం · ఆదివారం రాత్రి 9:40

అందరికీ వందనాలు. ఇది రాయాలా వద్దా అని రెండు వారాల్నించి అనుకుంటున్నా, ఇవాళ ఆరాధన నుంచి వచ్చాక ఇక ఆగలేకపోయా. మేం బెంగళూరు వచ్చి 18 ఏళ్ళయింది, కేఆర్ పురం వైపు ఒక తెలుగు క్రైస్తవ సంఘంలో ఉన్నాం, అద్దె హాలు, ఆదివారం ఒక 150 మంది వస్తారు, అందులో సగం పైన పీజీ హాస్టళ్ళలో ఉండే పిల్లలే. మొన్న జూన్‌లో ఒక అబ్బాయి రావడం మొదలుపెట్టాడు, 22, 23 ఏళ్ళుంటాయి, సన్నగా, ఎప్పుడు చూసినా అదే నీలం చొక్కా, వెనక నుంచి రెండో వరసలో గోడ పక్క కుర్చీ. మూడు నెలలు వచ్చాడు, తర్వాత రాలేదు. ఎవరం పట్టించుకోలా. పీజీ మారుంటాడులే అనుకున్నాం.

రెండు వారాల క్రితం వాళ్ళ రూమ్మేట్ కలిసి చెప్పాడు. సెప్టెంబర్‌లో అతనికి డెంగ్యూ వచ్చిందంట, ప్లేట్‌లెట్లు పడిపోయి ఆరు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడంట, సామర్లకోట నుంచి వాళ్ళమ్మ ఒక్కతే శేషాద్రి రైలు ఎక్కి వచ్చిందంట, కన్నడం రాదు, హిందీ రాదు, చీటీ మీద రాసుకున్న ఆసుపత్రి పేరు ఆటోవాళ్ళకి చూపించుకుంటూ వెళ్ళిందంట. ఆ ఆసుపత్రి మా ఇంటికి కిలోమీటరున్నర.

ఇంటికొచ్చి కొత్తవాళ్ళ పుస్తకం తీశా. జూన్ రెండో ఆదివారం పేజీలో ఆ పిల్లాడు తన చేత్తో రాసిన పేరు, ఊరు, ఫోన్ నంబర్, ప్రార్థన అంశం గడిలో "ఉద్యోగం, అమ్మ ఆరోగ్యం". పక్కన ఎర్ర పెన్నుతో టిక్కు. ఆ టిక్కు నాదే. ఆ నెల పుస్తకం బాధ్యత నాది. నంబర్ చూసి టిక్కు కొట్టి పక్కన పెట్టా, ఒక్కసారి కూడా చెయ్యలా.

మీ మీ సంఘాల్లో ఏం చేస్తున్నారో చెప్పండి. యూత్ మీటింగ్ పెట్టండి అని మాత్రం చెప్పొద్దు, అది మాకూ ఉంది, ఆ పిల్లాడు దానికి కూడా వచ్చాడు.

మూడో_ఫ్లోర్_పీజీ · ఆదివారం రాత్రి 10:25

అన్నా, చదివి చాలాసేపు ఏం రాయాలో తెలీలేదు. నేను మున్నెకొళాల్లో పీజీలో ఉంటా, త్రీ షేరింగ్, ఊరు కడప. నేను వెళ్ళిన మొదటి చోట "కొత్తగా వచ్చినవాళ్ళు లేచి నిలబడండి" అన్నారు, నిలబడ్డా, అందరూ చప్పట్లు కొట్టి స్వాగతం పాట పాడారు, చాలా సంతోషమేసింది. ఆరాధన అయ్యాక అదే జనం నా పక్క నుంచే వెళ్ళిపోయారు. ఎవరి కుటుంబాలు వాళ్ళు గుంపులుగా నిలబడి మాట్లాడుకుంటుంటే నేను చెప్పుల దగ్గర కూర్చుని శాండిల్ బకిల్ పెట్టుకోవడం, ఊడదీయడం, మళ్ళీ పెట్టుకోవడం, ఎవరన్నా పలకరిస్తారేమో అని. రెండో వారం ఒక ఆంటీ వచ్చారు. ఏ ఊరమ్మా అన్నారు, చెప్పా. ఇంటిపేరేంటి అన్నారు, చెప్పా. ఓహో అని వెళ్ళిపోయారు. ఆ ఇంటిపేరు ఎందుకు అడుగుతారో ఇక్కడ ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. ఊళ్ళో వదిలేసి వచ్చా అనుకున్నది ఇక్కడ ఏసీ హాల్లో కూడా ఎదురైతే మనిషి ఇంక ఎక్కడికి పోవాల?

తర్వాత ఫ్రెండ్‌తో ఇంకో సంఘానికి వెళ్ళా, చిన్నది, రేకుల షెడ్డు. అక్కడ ఒక అమ్మమ్మ నా చెయ్యి పట్టుకుని "తిన్నావా" అనింది, అంతే. మా పీజీలో ఆదివారం టిఫిన్ 9 తర్వాతే పెడతారు, ఆరాధన 8:30కి, అంటే మధ్యాహ్నం దాకా కడుపులో ఏం ఉండదు, ఇది ఇళ్ళల్లో ఉండేవాళ్ళకి తట్టదు. ఆ అమ్మమ్మ వాళ్ళింటికి తీసుకపోయి సోఫాలో కూర్చోబెట్టలా, కత్తిపీట ముందు పెట్టి ఉల్లిపాయలు తరగమనింది. ఉల్లిపాయలు తరుగుతుంటే నాకు ఇల్లు గుర్తొచ్చింది. చుట్టంలాగా కూర్చోబెట్టుంటే ఒక పూట తినేసి వచ్చేదాన్ని. ఇప్పటికి రెండేళ్ళయింది, ఆ సంఘంలోనే ఉన్నా, సండే స్కూల్‌లో చిన్నపిల్లలకి నేర్పిస్తా.

హెబ్బాళ_పెద్దాయన · సోమవారం ఉదయం 6:15

తమ్ముడూ, నీ బాధ అర్థమయింది. అమ్మా, నిన్ను ఇంటిపేరు అడిగిన ఆవిడ తప్పు చేసింది, అందులో రెండో మాట లేదు. కానీ పెద్దవాళ్ళ వైపు కూడా ఒకసారి చూడండి. మేం పలకరిస్తే ఆ అంకుల్ అంటూనే చెవిలోంచి ఇయర్‌ఫోన్ తియ్యరు. పాటలప్పుడు వస్తారు, వాక్యం మొదలుకాగానే ఫోన్లో తల పెడతారు, బైబిల్ ఆప్ అంటారు, ఏం చూస్తున్నారో దేవుడికి తెలియాలి. కొందరైతే కూర్చునే నిద్రపోతారు. రెండు మూడుసార్లు పలకరించి ముఖం తిప్పుకుంటే నాలుగోసారి మాకూ మనసు రాదు. నేను 40 ఏళ్ళుగా సంఘ పెద్దగా ఉన్నాను, మమ్మల్ని ఎవరూ చెయ్యి పట్టుకుని పిలవలేదు, అయినా మేం నిలబడ్డాం.

నైట్‌డ్యూటీ_నర్స్ · సోమవారం ఉదయం 8:50

అంకుల్ గారూ, డ్యూటీ దిగి క్యాబ్‌లో కూర్చుని రాస్తున్నా, కోపం వద్దు. ఆ నిద్రపోయేవాళ్ళలో నేనూ ఒకదాన్ని. శనివారం రాత్రి 8 నుంచి ఆదివారం పొద్దున 8 దాకా వార్డులో నిలబడి, యూనిఫామ్ మార్చుకుని నేరుగా ఆరాధనకి వస్తా. పక్కన కూర్చునే అబ్బాయి అమెరికా వాళ్ళ టైముకి పనిచేస్తాడు, తెల్లారి 4కి లాగౌట్. నిద్రపోవడానికే అయితే రూమ్‌లో మంచం ఉంది కదా అంకుల్, అయినా వచ్చి కూర్చుంటున్నాం.

అపొస్తలుల కార్యములు 20లో ఐతుకు అనే కుర్రాడి సంగతి చూడండి. పౌలు అర్ధరాత్రి దాకా ప్రసంగిస్తున్నాడు, పైగదిలో చాలా దీపాలున్నాయి, ఆ కుర్రాడు కిటికీలో కూర్చుని నిద్రపోయి మూడో అంతస్తు నుంచి కింద పడ్డాడు. మా ఊళ్ళో దీన్ని ఎప్పుడు చెప్పినా వాక్యంలో నిద్రపోతే ఇదే గతి అని చెప్పేవాళ్ళు. పౌలు మాత్రం ఆ కుర్రాణ్ణి ఒక్క మాట అనలేదు, ప్రసంగం ఆపేసి మెట్లు దిగి వెళ్ళి అతని మీద పడి కౌగిలించుకున్నాడు. అంతమంది లోపల ఉండగా ఆ పిల్లాడికి కిటికీలో తప్ప చోటెందుకు దొరకలేదో అని నాకు అనిపిస్తుంది. మన హాళ్ళలో కూడా గోడ పక్క కుర్చీలు, వెనక వరసలు ఎవరివో చూడండి.

హోసూర్‌రోడ్_సేవకుడు · సోమవారం మధ్యాహ్నం 2:10

ప్రియులందరికీ వందనాలు. నేను ఎలక్ట్రానిక్ సిటీ వైపు ఒక సంఘానికి కాపరిని. ఒంగోలు బ్రదర్ రాసిన టిక్కు గురించి చదివి మా పుస్తకం కూడా తెరిచాను. ఇంతకంటే ఏం రాయలేను, మీరే అర్థం చేసుకోండి.

ఒక కాపరి 140 కుటుంబాలని, పైన ఇంకో 80 మంది పీజీ పిల్లల్ని పేరు పేరునా చూసుకోవడం అయ్యే పని కాదు, ఇది తప్పించుకోవడానికి చెప్పట్లేదు, నేను ఐదేళ్ళు ఒక్కడినే ప్రయత్నించి ఆరోగ్యం పాడుచేసుకున్నా. యూత్ అంటే క్యాంపు, టీ షర్టులు, మ్యూజిక్ అనుకుని 45 వేలు పెట్టి డ్రమ్ ప్యాడ్స్ కొన్నాం. మూడు నెలలు పిల్లలు బాగా వచ్చారు, తర్వాత మామూలే. అప్పుడు ఒక రాత్రి పది మందిని కూర్చోబెట్టి మీకేం కావాలి అని అడిగా. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఒకబ్బాయి "అయ్యగారూ, నెలాఖరుకి పీజీ డబ్బులు తక్కువైతే లోన్ ఆప్ కాకుండా ఇంకెవర్ని అడగాలి" అన్నాడు. నేను సిద్ధం చేసుకున్న ప్రశ్నలన్నీ పక్కన పెట్టేశా.

ఇప్పుడు మా దగ్గర ఒక్కో కుటుంబానికి ఇద్దరు పీజీ పిల్లలు, ఇద్దరే. బుధవారమో గురువారమో ఫోన్ చెయ్యాలి, ఆదివారం కాదు, ఎందుకంటే ఆదివారం చేస్తే ఆరాధనకి రాలేదేం అన్నట్టే ఉంటుంది. ఆ ఫోన్లో వాక్యం చెప్పొద్దు అని కూడా చెప్పా, తిన్నావా, పని ఎలా ఉంది, అమ్మావాళ్ళు బాగున్నారా, అంతే. ముందు కొందరు పెద్దలు ఒప్పుకోలేదు. అందరూ సరిగ్గా చేస్తున్నారా అంటే లేదు, సగం మంది చేస్తున్నారు.

ఇంకోటి, 1 తిమోతి 4:12 మనం యూత్ మీటింగుల్లో పిల్లలకే చదువుతాం, మాదిరిగా ఉండండి అని. కానీ ఆ వచనం మొదలయ్యేదే "నీ యౌవనమును బట్టి ఎవడును నిన్ను తృణీకరింపనియ్యకుము" అని. ఆ ఎవడును అన్నది మనం. కానుకలు లెక్కపెట్టేటప్పుడు ఇప్పుడు మా పెద్దలతో పాటు ఇద్దరు కుర్రాళ్ళు కూడా కూర్చుంటున్నారు. లెక్క చూపించనివాళ్ళకి ఇది మీ సంఘం అని ఎంత చెప్పినా నమ్మరు.

ఖమ్మం_పిలగాడు · సోమవారం రాత్రి 9:05

అయ్యగారు చెప్పింది మస్తు నిజం. చరిత్రల కూడా ఇదే జరిగింది. వైఎంసీఏ, అదే క్రైస్తవ యువకుల సంఘం, అంటే ఇప్పుడు బిల్డింగు, బాస్కెట్‌బాల్ గ్రౌండు అనుకుంటరు గానీ 1844ల లండన్‌ల బట్టల కొట్ల పనిచేసే జార్జ్ విలియమ్స్ అనే 22 ఏళ్ళ పిలగాడు మొదలువెట్టిండు. అప్పుడు పల్లెల నుంచి పట్నం వచ్చిన పోరగాళ్ళు కొట్లల్ల పొద్దుగూకేదాక పనిచేసి ఆ కొట్టు మీది గదులల్లనే గుంపుగా పండుకునేటోళ్ళు, అంటే మన పీజీలే. గసుంటి గదిల పన్నెండు మంది కూసొని మొదలువెట్టిన్రు. ఆ పోరగాళ్ళని చూసుకునే పని అంతకుముందే చర్చిలు చేసి ఉంటే దాని అవసరమే రాకపోవు అని నాకనిపిస్తది.

అజరయ్య బిషప్ గారి సంగతి మా నాయనమ్మ దగ్గర విన్న, మాది డోర్నకల్ పక్కనే. తిరునల్వేలి తమిళాయన, ఇరవైలల్లనే వైఎంసీఏ కార్యదర్శి అయిండు, 1905ల నేషనల్ మిషనరీ సొసైటీ పెట్టినోళ్ళల్ల ఉన్నడు, అప్పటికి 31 ఏళ్ళు. 1909ల డోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకున్నడు, 1912ల ఆంగ్లికన్ సంఘంల మొదటి భారతీయ బిషప్ అయిండు. ఇంక చిన్నోడివే, నలభై దాటినంక చూద్దాం అని కూసోబెట్టి ఉంటే మా దిక్కు సంఘాలు ఎట్లుండేవో. మా దగ్గర పోరగాళ్ళకి ఇచ్చే పని కుర్చీలు సదురుడు, మైకు వైర్లు చుట్టుడు. అది కూడా పనే, నేను చేస్త, కానీ అది ఒక్కటే ఇయ్యొద్దు.

పేరొద్దు_ప్లీజ్ · సోమవారం రాత్రి 11:48

ఈ థ్రెడ్ కోసమే కొత్త ఐడీ పెట్టుకున్నా. నేను ఒక సంఘంలో కీబోర్డ్ వాయిస్తా. నాకు మూడేళ్ళ ఎక్స్‌పీరియన్స్ ఉందని చూపించి జాబ్‌లో చేరా, అది ఫేక్. కోర్స్ నేర్పిన చోటే లెటర్లు, పేస్లిప్పులు అన్నీ ఇచ్చారు, బ్యాచ్‌లో అందరూ పెట్టారు, ఇంట్లో నాన్న అప్పు, చెల్లి ఫీజు, నేనూ పెట్టా. ఏడాది అవుతుంది. ప్రతి మెయిల్ చూస్తే గుండె దడ. ప్రభువు బల్ల రోజున రొట్టె తీసుకోవాలా వద్దా తెలీక కీబోర్డ్ దగ్గరే ఉండిపోతా, వాయిస్తూ ఉంటే ఎవరూ గమనించరని. వాక్యంలో సినిమాలు చూడొద్దు, ప్రేమలొద్దు, ఫోన్ తగ్గించండి అని చెప్తారు, దీని గురించి ఒక్కరు కూడా మాట్లాడలేదు, మా హాల్లో నాలాంటి వాళ్ళు కనీసం ఐదారుగురు ఉన్నారని నాకు తెలుసు. చెప్తే స్టేజి మీద నుంచి దించేస్తారు, ఊర్లో తెలిసిపోతుంది. ఎవరికి చెప్పాలి?

బ్రూక్‌ఫీల్డ్_అక్క · మంగళవారం ఉదయం 7:20

తమ్ముడూ, రాశావు కదా, అదే పెద్ద అడుగు. ఇక్కడ కంపెనీ పేరు, నీ పేరు ఏవీ పెట్టొద్దు. నేను హెచ్‌ఆర్‌లో 14 ఏళ్ళ నుంచి చేస్తున్నా కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెప్తా. ఇప్పుడు వెరిఫికేషన్‌లో పీఎఫ్ సర్వీస్ హిస్టరీ అడుగుతున్నారు, యూఏఎన్ అనే పీఎఫ్ నంబర్‌లో పాత కంపెనీ కనపడకపోతే అనుమానం వస్తుంది, చేరిన ఏడాది తర్వాత కూడా పట్టుకుంటారు. కాబట్టి దాచుకుని కూర్చోవడం దారి కాదు. అలాగని ఈరోజే వెళ్ళి మేనేజర్‌కి చెప్పేయమనీ అనను, అప్పు, చెల్లి ఫీజు అన్నావు, ఆ లెక్క ముందు కాగితం మీద పెట్టాలి. మా ఆయనా నేనూ ఉంటాం, శనివారం మా ఇంట్లోనో నీకు ఇష్టమైన చోటో కూర్చుందాం, నాకు మెసేజ్ పెట్టు.

నాలుగేళ్ళ క్రితం ఇలాగే ఒకబ్బాయి మాతో చెప్పాడు. చాలా ప్రార్థన చేసుకుని తనే వెళ్ళి ఒప్పుకున్నాడు, ఉద్యోగం పోయింది, అది దాచను. ఎనిమిది నెలలు ఖాళీగా ఉన్నాడు, రాత్రి భోజనం మా ఇంట్లోనే. తర్వాత ఫ్రెషర్‌గా తక్కువ జీతానికి చేరాడు. ఆ ఎనిమిది నెలల్లో చాలా రాత్రులు డైనింగ్ టేబుల్ దగ్గర ముగ్గురం ఏం మాట్లాడకుండా తినేవాళ్ళం.

సంఘం పెద్దలకి ఒక మాట. అపొస్తలుల కార్యములు 18లో అపొల్లో అనే బోధకుడు ఎఫెసు వచ్చి సమాజ మందిరంలో ధైర్యంగా మాట్లాడుతున్నాడు, కానీ తెలిసింది సగమే. అకుల ప్రిస్కిల్ల దంపతులు విని అక్కడే అందరి ముందూ లేచి తప్పని అనలేదు. "చేర్చుకొని" తర్వాత "విశదపరచిరి" అని ఉంది, ముందు చేర్చుకోవడం, తర్వాతే చెప్పడం. వాళ్ళిద్దరూ పాస్టర్లు కాదు, డేరాలు కుట్టుకునేవాళ్ళు, క్లౌదియ చక్రవర్తి రోమా నుంచి వెళ్ళగొడితే కొరింథు వచ్చి, అక్కడి నుంచి ఎఫెసు వచ్చి, ఊరు కాని ఊళ్ళో బతుకుతున్నవాళ్ళు. మనమూ అంతే కదా.

పేరొద్దు_ప్లీజ్ · మంగళవారం ఉదయం 7:41

అక్కా మెసేజ్ పెట్టా.

పెరంబూర్_తెలుగమ్మాయి · మంగళవారం సాయంత్రం 5:30

మేం చెన్నైలో పుట్టి పెరిగిన తెలుగువాళ్ళం, మా తాతగారు రైల్వేలో చేసేవారు. మీకు పీజీ పిల్లలు, మాకు ఇంట్లో పిల్లలతోనే ఇబ్బంది. 2006లో తమిళం తప్పనిసరి చట్టం వచ్చింది, ఒకటో తరగతి నుంచి ఏడాదికో తరగతి పెంచుకుంటూ పదో తరగతి దాకా వచ్చేసింది. మా కంటే చిన్నవాళ్ళకి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. ఆరాధనలో కీర్తనల పుస్తకం ఇస్తే పట్టుకుని నిలబడి నోరు మాత్రం కదుపుతారు. మా పెద్దలు ముందు భాష పోతోందని కోప్పడ్డారు, పిల్లలు సిగ్గుపడి పక్కనే ఉన్న తమిళ చర్చికి, ఇంగ్లీష్ చర్చికి వెళ్ళడం మొదలుపెట్టారు. అప్పుడు మా పెద్దమ్మ ఒకావిడ, స్కూల్ టీచర్‌గా చేసి రిటైర్ అయ్యారు, శనివారం సాయంత్రం నలుగురు పిల్లల్ని పిలిచి, రేపు పాడే పాటని తమిళ అక్షరాల్లో రాయించి పక్కన తెలుగు అక్షరం నేర్పడం మొదలుపెట్టారు. నలుగురు పదకొండు మంది అయ్యారు. పోయిన క్రిస్మస్‌కి లూకా 2 తెలుగులో చదివిన అమ్మాయి ఆ పదకొండు మందిలో ఒకతి, రెండుచోట్ల తడబడింది, ఎవరూ నవ్వలేదు.

కుందలహళ్ళి_టీచర్ · మంగళవారం రాత్రి 8:15

అందరూ మంచి మాటలు రాశారు, రెండు జాగ్రత్తలు చెప్పాలి. చెయ్యి పట్టుకోవడం, ఇంటికి పిలవడం 18 లోపు పిల్లల దగ్గరకి వచ్చేసరికి తలుపు తీసి ఉంచి, కనీసం ఇద్దరు పెద్దవాళ్ళు ఉండగా జరగాలి, రాత్రి విడిగా మెసేజ్‌లు వద్దు. పిల్లల మీద లైంగిక నేరం ఏదైనా జరిగిందని తెలిస్తే సంఘంలోనే సర్దుబాటు చేసుకుందాం అనేది కుదరదు, 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తెలిసిన ప్రతి ఒక్కరూ పోలీసులకి చెప్పాల్సిందే, చెప్పకపోతే అదీ నేరమే. సంఘం పేరు పోతుందని పిల్లల నోరు మూయించిన చోట ఇంక ఏ స్వాగతం పాటకీ అర్థం లేదు.

రెండోది నాకు జరిగింది. నాకు 24 ఏళ్ళప్పుడు ఒక పెద్దాయనకి నమ్మి నా మనసులో మాట చెప్పుకున్నా, పెళ్ళి విషయం. గురువారం చెప్తే శుక్రవారం ఉపవాస ప్రార్థనలో "ఒక సహోదరి విషయమై" అని ప్రార్థన అంశంగా చెప్పేశారు, ఆదివారానికి రాజమండ్రిలో మా నాన్నకి ఫోన్ వెళ్ళింది. మూడేళ్ళు నేను ఏ సంఘం గడపా తొక్కలేదు. మనసు మరీ కుంగిపోయి ఉన్నవాళ్ళకి ప్రార్థనతో పాటు 14416 టెలీ మానస్ నంబర్ ఇవ్వండి, ఉచితం, తెలుగులో కూడా మాట్లాడతారు.

హెబ్బాళ_పెద్దాయన · బుధవారం ఉదయం 6:05

మొన్న రాసింది మళ్ళీ చదువుకున్నాను. మమ్మల్ని ఎవరూ పిలవలేదు అన్నాను, అది నిజం కాదు. 1983లో నేను ఈ ఊరు వచ్చినప్పుడు ఒక రిటైర్డ్ పోస్ట్‌మాస్టర్ గారు ప్రతి ఆదివారం నాకోసం సైకిల్ ఆపుకుని గేటు దగ్గర నిలబడేవారు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది, మర్చిపోయాను. నర్సమ్మా, ఈ ఆదివారం మీ చర్చి ఎక్కడో చెప్పు, ఆరాధన అయ్యాక నిన్ను హాస్టల్ దగ్గర దింపడానికి మా అబ్బాయి కారు పంపిస్తాను, నేనూ మా ఆవిడా కూడా అందులో ఉంటాం.

ఒంగోలు_టు_కేఆర్‌పురం · తర్వాతి ఆదివారం రాత్రి 10:10

ఈ వారం అంతా మీ మాటలే బుర్రలో. బుధవారం సాయంత్రం ఆ పుస్తకంలో నంబర్‌కి చేశా. చెయ్యడానికి ముందు అరగంట ఫోన్ పట్టుకుని కూర్చున్నా, ఏమని మొదలుపెట్టాలో తెలీక. వాళ్ళమ్మ ఎత్తింది. ఫలానా సంఘం నుంచి అన్నా. కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "ఇప్పుడా బాబూ" అంది. కోపంగా అనలేదు, అలసిపోయినట్టు అంది. తప్పయిపోయిందమ్మా అన్నా. ఆవిడే బాబుని పిలిచి ఇచ్చింది.

అబ్బాయి కోలుకున్నాడు, ఆరు కిలోలు తగ్గాడంట. కొత్త ఆఫర్ వచ్చింది, మహదేవపురలో ఆఫీసు, వచ్చే నెల 3న చేరాలి. పాత పీజీలో వాటర్ ట్యాంక్ మూత ఉండదంట, దోమలు, అక్కడికి మాత్రం వెళ్ళనన్నాడు. సంఘానికి రమ్మని నేను అడగలా. పీజీ నేను చూసి పెడతా అన్నా.

కాబట్టి మహదేవపుర, హూడి, గరుడాచార్‌పాళ్య వైపు ఉండేవాళ్ళు కాస్త సాయం చెయ్యండి. టూ షేరింగ్, నెలకి 9 వేల లోపు, కిటికీలకి దోమల జాలీ ఉండాలి, ఆదివారం పొద్దున 8 లోపు టిఫిన్ పెట్టేది ఉంటే ఇంకా మంచిది. శనివారం నేనూ మా ఆవిడా తిరిగి చూస్తాం.

మూడో_ఫ్లోర్_పీజీ · తర్వాతి ఆదివారం రాత్రి 10:22

అన్నా హూడి మెట్రో దగ్గర మా కొలీగ్ ఉండే బాయ్స్ పీజీ ఉంది, జాలీలు ఉన్నాయి, నీళ్ళు కూడా పర్లేదు. రెంట్ కనుక్కుని రేపు చెప్తా. టిఫిన్ మాత్రం 8:30కే అంట.

ఒంగోలు_టు_కేఆర్‌పురం · తర్వాతి ఆదివారం రాత్రి 10:26

పర్లేదమ్మా, ఆదివారం టిఫిన్ మా ఇంట్లో. నంబర్ పంపు.